పనిచేసే శక్తి, పనివాడి శక్తి

ప్రభుత్వ విశ్వవిద్యాలయం దేనికి ఉన్నది అని అడిగితే ఈ రోజుల్లో ఎక్కడైనా ఒకే సమాధానం వినిపిస్తుంది: రాష్ట్రానికి కావలసిన పనివారిని తయారు చెయ్యటానికి. మంత్రులు ఈ మాటే అంటారు, పరిశ్రమల యజమానులు ఈ మాటే అంటారు, స్నాతకోత్సవాల్లో పెద్దలూ ఈ మాటే అంటారు. 'మానవ వనరులు' అన్న పదం మన కాలేజీ కరపత్రాల్లోకి వచ్చి చాలా కాలమైంది. గోదావరి నీరు ఒక వనరు, కోనసీమ నేల కింది గ్యాసు ఒక వనరు. ఆ వరసలోనే మనిషీ ఒక వనరు. ఈ మాట విన్నప్పుడల్లా అభ్యుదయవాదులమైన మనకు ఒళ్ళు మండుతుంది. మండటం సహజమే. కాని మంట వేరు, విమర్శ వేరు. శ్రామికశక్తిని బలపరచటం విశ్వవిద్యాలయం చెయ్యదగిన పనేనా? చెయ్యదగినదే అయితే, ఆ పని ఎప్పుడు న్యాయమవుతుంది, ఎప్పుడు అన్యాయమవుతుంది? నేను ఇక్కడ తేల్చుకోదలచినది ఇదే.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. కొన్నేళ్ళ కిందట బి.ఏ. తరగతిలో పాఠం చెబుతూ, "చదువు ఉద్యోగం కోసం కాదు, మనిషి మనిషి కావటం కోసం" అన్నాను. అంతకుముందు ఎన్నోసార్లు అన్న మాటే. అన్నప్పుడల్లా నాకు బాగుండేది. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "మీకు ఉద్యోగం ఉంది గదండీ, మాస్టారూ" అన్నది. తరగతి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు.

తరవాత తెలిసింది. వాళ్ళది గోదావరి పాయల మధ్య ఒక లంక ఊరు. తండ్రి కౌలు రైతు. తల్లి కువైట్‌లో ఒక ఇంట్లో పనిమనిషి. కోనసీమ నుంచి అలా వెళ్ళిన ఆడవాళ్ళు ఎందరో మనకు తెలుసు. ఈ పిల్లకు ఒక జీతం దొరికితేగాని ఆ తల్లి తిరిగి రావటానికి లేదు. ఉద్యోగమంటే మార్కెట్టులో అమ్ముడుపోవటమని నేను అనుకుంటున్నాను. ఆమెకు ఉద్యోగమంటే అమ్మను ఇంటికి తెచ్చుకోవటం. ఈ రెండు అర్థాల్లో ఏది నిజం? రెండూ నిజమే. చిక్కంతా అక్కడే ఉన్నది.

ముందు చరిత్ర చూద్దాం. పాలకులు విశ్వవిద్యాలయాన్ని పనివారి కార్ఖానాగా చూడటం ఈనాటి వింత కాదు. 1854లో చార్లెస్ వుడ్ ఇంగ్లండు నుంచి పంపిన విద్యాపత్రంలో ఈ సంగతి దాపరికం లేకుండా ఉన్నది. కంపెనీ కొలువులకు నమ్మకస్తులూ సమర్థులూ అయిన మనుషులు దొరకటం, ఇంగ్లండు మిల్లులకు ముడిసరుకు చేరటం, అక్కడి సరుకుకు ఇక్కడ గిరాకీ పెరగటం - ఇవి విద్యవల్ల వచ్చే లాభాలుగా అందులో లెక్కకు వచ్చాయి. మూడేళ్ళకు, 1857లో, మద్రాసు, కలకత్తా, బొంబాయి విశ్వవిద్యాలయాలు పుట్టాయి. మన రాజమండ్రి ప్రభుత్వ కళాశాల ఆ మద్రాసు యూనివర్సిటీ నీడలో పెరిగినదే.

కాని దొర అనుకున్నది ఒకటి, జరిగినది మరొకటి. గుమాస్తాలను తయారు చెయ్యవలసిన ఆ కాలేజీలో తెలుగు చెప్పినవాడు కందుకూరి వీరేశలింగం. 1881 డిసెంబరులో రాజమండ్రిలో ఆయన జరిపించిన మొదటి వితంతు వివాహానికి అండగా నిలిచినవారిలో ఆయన శిష్యులున్నారు. 1907లో బిపిన్ చంద్ర పాల్ ఈ ఊరికి వచ్చి ఉపన్యాసాలిచ్చినప్పుడు వందేమాతరం అన్న విద్యార్థులమీద వేటు పడింది. వారిలో ఒకడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు. ఆయన చదువుతున్నది ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో. అంటే సర్కారు బడులకు పనివారిని సరఫరా చేసే చోటనే. కాలేజీలోంచి గెంటేశారు. సర్కారు కొలువు తలుపు మూసుకుపోయింది. ఆ మనిషే పత్రిక నడిపి 1908లో జైలుకు వెళ్ళాడు, తరవాత గ్రంథాలయోద్యమంలోనూ వయోజన విద్యలోనూ జీవితమంతా గడిపాడు. సర్కారుకు ఒక బడిపంతులు తగ్గాడు. ప్రజలకు ఒక ఉపాధ్యాయుడు దొరికాడు.

ఇందులోంచి మనం నేర్చుకోవలసినది ఏమిటి? పాలకుడు తన అవసరం కోసం నేర్పిన చదువు పాలకుడి చేతిలోనే ఉండిపోదు. పని నేర్చినవాడు పనితోపాటు మరొకటి కూడా నేర్చుకుంటాడు. మార్క్సు శ్రమశక్తిని సరుకు అన్నాడు. అయితే ఆ సరుకును మోసుకువచ్చేది నోరూ మెదడూ ఉన్న మనిషి అని మనం ఎన్నడూ మరిచిపోకూడదు. పనిచేసే శక్తి పెరగటం ఒకటి. పనివాడి శక్తి పెరగటం మరొకటి. మొదటిది కొనేవాడికి ఉపయోగపడుతుంది. రెండవది కొనేవాడితో బేరమాడటానికీ, అవసరమైతే కాదనటానికీ ఉపయోగపడుతుంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాన్ని తూచవలసిన తక్కెడ ఈ తేడాయే అని నా అభిప్రాయం.

ఇక్కడ మనవాళ్ళు కొందరు ఒక అభ్యంతరం చెబుతారు. దోపిడీ సమాజంలో ఏ విద్య అయినా దోపిడీదారుకే ఉపయోగపడుతుంది, కనక ఈ లెక్కలన్నీ వృథా అంటారు. ఈ వాదం వినటానికి తీవ్రంగా ఉంటుంది, ఆచరణలో చేతులు కట్టుకు కూర్చోబెడుతుంది. దీనికి జవాబు మన డెల్టాలోనే, మారుటేరులో ఉన్నది.

మారుటేరు వరి పరిశోధనా స్థానం 1925లో మొదలైంది. 1964లో ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయంలో తరవాత భాగమైంది. ఆ విశ్వవిద్యాలయం ఇప్పుడు ఆచార్య ఎన్.జి. రంగా పేరుతో ఉన్నది. వసిష్ఠ, మసూరి రకాలను సంకరం చేసి అక్కడ తీసిన వంగడం ఎం.టి.యు. 7029. ఆ అంకె రైతుకు గుర్తుండనక్కర లేదు. స్వర్ణ అంటే చాలు. 1980ల మొదట్లో బయటికి వచ్చిన ఈ వరి గోదావరి గట్లు దాటి ఒరిస్సాకూ బెంగాలుకూ బీహారుకూ వెళ్ళి, తూర్పు భారతదేశపు మాగాణుల్లో లక్షల ఎకరాల్లో పండింది. ఆ రైతుల్లో చాలామందికి మారుటేరు ఎక్కడున్నదో తెలియదు. తెలియవలసిన పనీ లేదు.

ఇది ఒక ప్రైవేటు కంపెనీ ఎందుకు చెయ్యలేదు? చెయ్యలేక కాదు, చేస్తే గిట్టదు గనక. ఇలాంటి వంగడం గింజను రైతు దాచుకుని మరుసటి ఏడు మళ్ళీ చల్లుకోవచ్చు, పక్క రైతుకు ఇవ్వవచ్చు. సంకర విత్తనమైతే ఏటేటా కొనుక్కోవాలి. ఏటేటా కొనే విత్తనంలోనే కంపెనీకి లాభం. దాచుకునే విత్తనంలో లాభం రైతుది. అలాంటి విత్తనం కోసం ఏళ్ళ తరబడి ఖర్చు పెట్టేది ప్రజల డబ్బుతో నడిచే సంస్థ ఒక్కటే.

కథ అక్కడితో ఆగలేదు. స్వర్ణకు వరద పడదు. రోజుల తరబడి మునిగితే చస్తుంది. వరదకు తట్టుకునే గుణం ఒరిస్సా రైతులు తరతరాలుగా పండించిన ఒక పాత వరిలో ఉన్నది. ఆ గుణానికి మూలమైన జన్యువును కాలిఫోర్నియా ప్రభుత్వ విశ్వవిద్యాలయంవారూ ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థవారూ కలిసి పట్టుకున్నారు. దాన్ని మన స్వర్ణలోకి ఎక్కించారు. అలా వచ్చిన స్వర్ణ-సబ్ 1 మన దేశంలో 2009లో విడుదలైంది. రెండు వారాల దాకా నీట మునిగినా మళ్ళీ లేస్తుంది. ఒరిస్సా రైతు జ్ఞానం, మారుటేరు శాస్త్రజ్ఞుడి పని, అక్కడి చేలో నడుం వంచి నాట్లు వేసిన కూలి ఆడవాళ్ళ పని, సముద్రాలకవతలి ప్రయోగశాల - ఇవన్నీ కలిసి మళ్ళీ రైతు చేతికి వచ్చాయి. శ్రామికశక్తిని బలపరచటమంటే నేను దీన్నే అంటాను.

కాని మన వాదానికి అనుకూలమైన చోట ఆగిపోవటం నిజాయితీ కాదు. అంత వరి పండించిన కోనసీమలోనే 2011 ఖరీఫ్‌లో రైతులు పంట విరామం ప్రకటించారు. పెట్టుబడికీ ధరకూ పొంతన లేక పచ్చటి పొలాలను బీడు పెట్టారు. డెల్టాలో దున్నేవాడు చాలాచోట్ల కౌలుదారు. కౌలు ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే తెగుతుంది. దిగుబడి పెరిగితే ఆ బస్తాల లెక్కా పెరుగుతుంది. కొత్త వంగడం తెచ్చిన గింజల్లో కొన్ని విత్తినవాడికి దక్కాయి, చాలా వాటికి పొలం గట్టు ఎక్కని భూస్వామి వాటాదారుడయ్యాడు. విశ్వవిద్యాలయం పంటను పెంచగలదు, పంపకాన్ని మార్చలేదు. పంపకం మార్చేది పోరాటం. అయితే, పంచుకోవటానికి ఉండవలసిన గింజ ఎవరి పుణ్యమా అని వచ్చిందో పోరాడేవాడు మరిచిపోతే అదీ తప్పే.

ఇక మనుషుల సంగతి. 1946లో విశాఖపట్నంలో మొదలై కాకినాడకు తరలిన ఇంజనీరింగు కళాశాల తరతరాల ఇంజనీర్లను తయారు చేసింది. 2008లో అదే ఒక విశ్వవిద్యాలయమైంది. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం మన కాలేజీలకు ఎనభై ఏళ్ళపాటు డిగ్రీలిచ్చింది. 2006లో రాజమండ్రిలో నన్నయ పేరుతో మనకే ఒక విశ్వవిద్యాలయం వచ్చింది. ఇవన్నీ ప్రజలు పన్నులు కట్టి సంపాదించుకున్నవి. ఇంతలో గ్రామగ్రామానా ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలు లేచాయి. 2008 ప్రాంతంలో వచ్చిన ఫీజుల చెల్లింపు పథకంతో కూలివాడి కొడుకు కూడా ఇంజనీరు కాగలిగాడు. ఇది చిన్న మార్పు కాదు, దీన్ని వెక్కిరించే హక్కు మనకు లేదు. అయితే ఆ పద్ధతిలో ప్రజల డబ్బు కుర్రవాడి పేరుమీద బయలుదేరి యజమాని పెట్టెకు చేరింది. అదే డబ్బుతో ప్రభుత్వ కళాశాలలో ఒక హాస్టలు కట్టి ఉంటే, ఒక అధ్యాపకుడి ఖాళీ నింపి ఉంటే, ఆ కుర్రవాడు వెళ్ళిన తరవాత కూడా అవి నిలిచి ఉండేవి.

అధ్యాపకుడి మాట వచ్చింది గనక నా సంగతి చెబుతాను. ఎమ్మే అయిన తరవాత ఆరేళ్ళు ఒక కళాశాలలో గంటల లెక్కన పాఠాలు చెప్పాను. సెలవుల్లో జీతం లేదు. ఏటా జూన్ నెలలో మళ్ళీ పిలుస్తారో లేదో తెలియదు. ఆ ఆరేళ్ళూ నేను శ్రామికవర్గ సాహిత్యం చెప్పాను. ఒక్కనాడూ స్టాఫు గదిలో నోరెత్తి నా జీతం సంగతి అడగలేదు. రాష్ట్రానికి శ్రామికశక్తిని తయారు చేస్తానన్న చోట, ఆ తయారీ చేసే శ్రామికుడికి కాదనే శక్తి లేకపోయింది. భయపడే పంతులు దగ్గర పిల్లలు భయమే నేర్చుకుంటారు. గాడిచర్ల కథ పాఠంగా చెప్పటం సులభమే. ఆ కథ చెప్పేవాడి వెన్నెముక ఏ స్థితిలో ఉన్నదని పిల్లలు చూస్తారు.

మరి తెలుగు చదువు ఎవరికి పనికి వస్తుందని నన్ను అడుగుతారు. నా జవాబు పనికి సంబంధించినదే. కాకినాడ ఆసుపత్రిలో నర్సు రోగితో మాట్లాడేది తెలుగులో. వ్యవసాయాధికారి రైతుకు తెగులు మందు మోతాదు చెప్పేది తెలుగులో. కూలి రేటు ఒప్పందం, కోర్టు నోటీసు, బ్యాంకు కాగితం - అర్థమైతేనే మనిషి నిలబడతాడు, అర్థం కాకపోతే వేలిముద్ర వేస్తాడు. 1968లో తెలుగు అకాడమీని పెట్టి శాస్త్రాలను తెలుగు పాఠ్యగ్రంథాలుగా తెచ్చినప్పుడు దాని వెనక ఉన్న ఆశ ఇదే. భాష అలంకారం కాదు, పనిముట్టు. పనివాడి శక్తిలో అది మొదటి భాగం.

కనక నేను చేరుకున్న అభిప్రాయం ఇది. శ్రామికశక్తిని బలపరచటం విశ్వవిద్యాలయానికి చిన్నతనం కాదు. అది దాని ధర్మం. కాని ఎవరి శ్రమ, ఎవరి బలం అని అడగకుండా ఆ ధర్మం నెరవేరదు. ఒక చదువు మనిషికి కూడు పెట్టి నోరు మూయిస్తే అది సగం చదువు. నోరు తెరిపించి కూడు పెట్టకపోతే అదీ సగమే. మనం ఇన్నాళ్ళూ మొదటి సగాన్ని విమర్శించాం, రెండవ సగంలో తృప్తిపడ్డాం.

ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. ఆఖరి సంవత్సరంలో ఒకరోజు వచ్చి, హైదరాబాదులో ఒక దుకాణంలో పని దొరికిందనీ, వెంటనే చేరమంటున్నారనీ, డిగ్రీ పూర్తికావటానికి ఇంకా ఆరు నెలలున్నదనీ చెప్పింది. "ఏం చెయ్యమంటారండీ?" అని అడిగింది. చాలాసేపు ఆలోచించి, "పరీక్షలు రాసి వెళ్ళమ్మా" అన్నాను. రాసింది. ప్రభుత్వ కళాశాలలో బి.ఎడ్. సీటు వచ్చింది. ఇప్పుడు చదువుతున్నది. నేను చెప్పినది సరైనదేనని అనుకుంటున్నాను. కాని ఆ ఆరు నెలలూ, ఆ తరవాతి నెలలూ కువైట్‌లో అంట్లు తోమినది ఆమె తల్లి, నేను కాదు.

ఆ పాత వాక్యం తరగతిలో నేను మళ్ళీ అనలేదు.