ఎప్పుడైనా పనికొస్తుంది

మన వాడుకలో షెడ్డు అంటే సుస్తీ చేసిన బండి వెళ్లే చోటు. బండే కాదు, నాలుగు రోజులు మంచం పట్టిన మనిషిని గురించి కూడా ‘షెడ్డుకెళ్లాడు’ అని నవ్వుకుంటాం. కోళ్ల షెడ్డు, రేకుల షెడ్డు, రైలింజన్ల షెడ్డు. ఆ మాట చుట్టూ ఎప్పుడూ కాస్త మసి, కాస్త తుప్పు, కాస్త గ్రీజు. దాన్ని ఎవరైనా పొగడగా నేను వినలేదు. ఇంగ్లండులో మా అమ్మాయి ఇంట్లో ఆరు నెలలు ఉండకపోతే నేనూ పొగిడేవాణ్ణి కాదు.

అక్కడ చాలా ఇళ్ల వెనక చారెడు పెరడు ఉంటుంది. పెరడు చివర, కంచెకు వీపు ఆనించి ఒక చెక్కగది. ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, పైన తారు అట్ట పరిచిన వాలు కప్పు. ఒక తలుపు, ఒక కిటికీ, ఆ కిటికీ నిండా తరతరాల సాలెగూళ్లు. కంచెకు రెండు మీటర్ల లోపు వేసుకుంటే ఎత్తు రెండున్నర మీటర్లు దాటకూడదని అక్కడి నిబంధన. దాటకపోతే మామూలుగా ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇల్లు కట్టాలంటే సవాలక్ష కాగితాలు కావాలి గానీ, షెడ్డు వేసుకోవడానికి నాలుగు పలకలూ ఒక ఆదివారమూ చాలు.

మా పక్కింటాయనకు ఎనభై దాటాయి. నేను కుండీలో వేసిన చిక్కుడు తీగ సాగితే, పందిరికి నాలుగు కర్రలు దొరుకుతాయా అని కంచె మీంచి సైగలతో సహా అడిగాను. ఆయన ఏమీ అనకుండా చేత్తో రమ్మని పిలిచి, షెడ్డు తలుపు తీశాడు.

ముందు వాసన పలకరించింది. తడిమట్టి, అవిసెనూనె, పెట్రోలు, పురికొస, ఆరబెట్టిన ఉల్లి, ఎప్పటిదో తుప్పు. అరవై ఏళ్ల కిందటి మా పెరటి పాక సముద్రాలు దాటి వచ్చి ముక్కు దగ్గర నిలబడ్డట్టయింది.

తర్వాత కళ్లు చీకటికి అలవాటు పడ్డాయి. గోడకు కొట్టిన పలక మీద ప్రతి పనిముట్టుకూ నల్లరంగుతో నీడ గీసి ఉంది. సుత్తి వెనక సుత్తి నీడ, రంపం వెనక రంపం నీడ. పనిముట్టు తోటలోకి వెళ్తే దాని నీడ గోడమీద కాచుకుని ఉంటుంది, బడికెళ్లిన పిల్లాడికోసం అరుగు మీద కూర్చున్న నాయనమ్మలాగా. తలుపు లోపలివైపు పెన్సిలు రాతలు ఉన్నాయి. ఏ ఏడు ఏ రోజున బంగాళాదుంపలు పాతాడో, ఏ రాత్రి తొలి మంచు పేరుకుని టమాటాలు మాడిపోయాయో. ఇంట్లో క్యాలెండరు ఏటేటా మారిపోతుంది. ఈ తలుపు పంచాంగానికి డిసెంబరు 31 లేదు.

అన్నిటికన్నా నన్ను కట్టిపడేసింది ఒక అర. దాని అడుగున జాం సీసాల మూతలను తిరగేసి మేకులతో కొట్టాడు. ఒక్కో మూతకు ఒక్కో సీసా మర బిగుసుకుని వేలాడుతోంది. ఒంటి చేత్తో పట్టుకుని అరచుట్టు తిప్పితే సీసా ఊడి చేతిలోకి వస్తుంది. లోపలున్నది గాజులోంచి కనిపిస్తూనే ఉంటుంది గనక పేరు రాసే పని లేదు. ఒకదాంట్లో ఇత్తడి స్క్రూలు, ఒకదాంట్లో వాషర్లు, ఒకదాంట్లో సైకిలు గొలుసు లింకులు, ఒకదాంట్లో ఏమిటో ఆయనకే తెలియనివి. ఇరవై సీసాలు, పనసమానుకు కాయలు కాసినట్టు, చెక్కకు కాసి ఉన్నాయి. జాం ఎప్పుడో అయిపోయింది. సీసా మాత్రం మళ్లీ కాపుకొచ్చింది.

షెడ్డు దేనికి అంటే, సామాన్లు పెట్టుకోవడానికని ఎవరైనా చెబుతారు. నేనొప్పుకోను. సామాన్లకు ఇల్లుంది. ఇంట్లో ఉండే ప్రతి వస్తువుకూ ఖాయమైన ఉద్యోగం ఉంటుంది, ఉద్యోగం ఊడిన మర్నాడు చెత్తబండి వస్తుంది. మరి ఆ రెంటికీ మధ్య ఉన్నవి ఎక్కడికి పోవాలి? కాలు విరిగిన పీట, జోడీ పోయిన కీలు, అడుగున రెండు వేళ్ల మందం మిగిలిన రంగు డబ్బా, ఏ తాళానిదో తెలియని చెవి. పనికిరావని తేల్చేయడానికి మనసొప్పదు, పనికొస్తాయని చెప్పడానికి ఆధారం లేదు. అలాంటి వాటిని గురించి మన ఇళ్లలో పెద్దవాళ్లు ఒకే మాట అంటారు. ‘ఉండనీరా, ఎప్పుడైనా పనికొస్తుంది.’ ఆ మాటకు నాలుగు గోడలు లేపి కప్పు వేస్తే షెడ్డవుతుంది.

ఇంగ్లీషులో ఆ పేరు నీడ అనే అర్థమున్న ‘షేడ్’కు మారురూపమని చెబుతారు. నాకది ఎంతో నచ్చింది. నిలువ నీడ లేకపోవడం కన్నా పెద్ద కష్టం లేదని మన భాషకు తెలుసు. విరిగిన పీటకైనా అంతే కదా.

ఆ దేశంలో షెడ్డుకే ఒక పూర్వజన్మ ఉంది. 1939 ఫిబ్రవరి నుంచి అక్కడి ప్రభుత్వం ఆండర్సన్ షెల్టరు అనే ముడతల ఉక్కురేకుల గూడును ఇంటింటికీ పంచింది. ఏడాదికి 250 పౌండ్లలోపు రాబడి ఉన్నవాళ్లకు ఉచితం, మిగతావాళ్లకు 7 పౌండ్లు. పెరట్లో నాలుగడుగుల గొయ్యి తవ్వి, వంపు రేకులను బోల్టులతో బిగించి, పైన మట్టి కప్పాలి. ఆరున్నర అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు, అందులో ఆరుగురు మనుషులు. జర్మన్ విమానాలు నెత్తిన తిరిగిన రాత్రుళ్లు ఆ తడి గోతిలో పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నారు. తెల్లవారాక ఆ మట్టికప్పు మీదే కూరగాయల మొక్కలు పెంచారు. యుద్ధం అయిపోయాక చాలామంది ఆ రేకుల్ని పైకి తీసి, నేలమీద మళ్లీ బిగించి, లోపల పారా గడ్డి కోసే మిషనూ పెట్టుకున్నారు. బాంబుల్ని కాయడానికి పుట్టిన రేకు వానను కాస్తూ ముసలిదైంది. ఇనుముకు ఇంతకన్నా మంచి వార్ధక్యం ఏముంటుంది!

మనుషులకూ అందులో చోటు దొరికింది. నాటకకర్త బెర్నార్డ్ షా 1906 నుంచి 1950లో కన్నుమూసేదాకా హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఒక పల్లెలో ఉన్నాడు. రాసుకోవడానికి పెరటి చివర ఆయనకో చిన్న చెక్కగది. దాన్ని ఇరుసు మీద కూర్చోబెట్టారు. పొద్దు తిరిగినప్పుడల్లా భుజంతో ఓ నెట్టు నెడితే గదీ తిరిగేది, పొద్దుతిరుగుడు పువ్వులాగా. దాని పేరు ‘లండన్’. ఎవరైనా తలుపు తడితే ఇంట్లోవాళ్లు ‘అయ్యగారు లండన్‌లో ఉన్నారండీ’ అని, అబద్ధమాడిన పాపం అంటకుండా పంపేసేవారు. పిల్లల కథలతో లోకాన్ని గెలిచిన రోల్డ్ డాల్ కూడా ఇంటి తోటలోని గుడిసెలోనే రాశాడు. పాత కుర్చీ, దాని చేతుల మీద అడ్డంగా ఒక పలక, చలికి కాళ్ల చుట్టూ ఒక సంచీ. పక్క బల్ల మీద తన తుంటి ఎముక ముక్క, చాక్లెట్ల వెండికాగితాలు చుట్టిచుట్టి చేసిన బరువైన ఉండ. ఇంట్లో అయితే ఆ ఉండను మర్నాడే ఊడ్చి పారేసేవాళ్లు.

పెరటిది కాకపోయినా ఇంకొక్క షెడ్డును తలుచుకోకుండా ఉండలేను. రేడియం అనేది ఒకటుందని 1898లో లోకానికి చెప్పాక, దాన్ని విడదీసి చూపించడానికి మేరీ, పియర్ క్యూరీలకు పారిస్‌లో దక్కింది ఒక పాత షెడ్డు. ఒకప్పుడు వైద్య విద్యార్థులు శవాలు కోసిన చోటు. వానొస్తే గాజుకప్పు కారేది. టన్నులకొద్దీ ఖనిజపు పిప్పిని అక్కడే ఉడికించి, తన ఎత్తున్న ఇనుపకడ్డీతో కలియబెట్టి, 1902కి ఆమె తీయగలిగింది గ్రాములో పదోవంతు రేడియం లవణం. కొన్ని రాత్రులు భోజనాలయ్యాక ఇద్దరూ మళ్లీ అక్కడికి వెళ్లేవారట. దీపం వెలిగించకుండా తలుపు తీస్తే చీకట్లో, బల్లల మీద, గాజుగొట్టాలు సన్నగా వెలుగుతూ ఉండేవట. పనికిరాదని ఒకరు వదిలేసిన గదిలో, పనికిరాదని గని వదిలేసిన పిప్పిలోంచి వచ్చిన వెలుగు అది.

మనకు షెడ్డు లేదా అంటే, లేకేం! తెలంగాణలో కొట్టం, మా గోదావరి వైపు పాక, సావిడి. మా తాటాకింట్లో అయితే సగం పని చూరే చేసేది. కొడవలి చూరులో, విసనకర్ర చూరులో, తాతయ్య సగం కాల్చి ఆర్పిన చుట్ట చూరులో. పొయ్యి పొగ తగిలేచోట విత్తనాల కోసం ముదరనిచ్చిన బీరకాయలు, సొరకాయ వేలాడేవి. పొగ తగిలితే పురుగు పట్టదని. వచ్చిన ఉత్తరాలన్నీ ఒక ఇనుపతీగకు గుచ్చి అక్కడే. మా అమ్మమ్మ ఏదైనా కావాల్సొస్తే ఇల్లు వెతికేది కాదు, ఇంటి అంచును తడిమేది. స్లాబు ఇల్లు కట్టాక అన్నీ పెరిగాయి గానీ చూరు పోయింది. మా ఫ్లాటులో అటక ఒకటి మిగిలితే, దానికీ మెరిసే తలుపులు బిగించి లోపలున్నది కనపడకుండా చేశాం. కనపడనిది గుర్తురాదు. గుర్తురాక మళ్లీ కొంటాం.

మా అమ్మాయి పెరట్లోనూ ఒక గది ఉంది. షెడ్డంటే నొచ్చుకుంటుంది. ‘గార్డెన్ రూం నాన్నా’ అంటుంది. బూడిదరంగు పలకలు, మూడువైపులా నేల నుంచి కప్పుదాకా అద్దం, చూరు లేని చదును కప్పు. తలుపుకు గొళ్లెం కనిపించదు. ఎక్కడ నొక్కాలో తెలిసినవాడే లోపలికి వెళ్తాడు. గోడకు మేకు కొడితే గ్యారంటీ పోతుంది. కాబట్టి పార తగిలించడానికి చోటు లేదు. అర లేదు, మూల లేదు, ఒక్క మరక లేదు. జూలైలో మధ్యాహ్నం లోపల కూర్చుంటే అప్పడాలు వేగుతాయి. దాంట్లో ఒక సన్నకాళ్ల బల్ల, ఒక కుర్చీ, ఒక కుండీ మొక్క హాయిగా ఉంటాయి. గడ్డి కోసే మిషను మాత్రం బయట, పట్టా కప్పుకుని, వానలో తడుస్తుంది. వారం రోజులు చూశాను. ఎనిమిదో రోజున ఆ మిషనుకు గొడుగు పట్టాలనిపించింది.

ఇది మా అమ్మాయి తప్పు కాదు. పెద్ద పెద్దవాళ్లే ఆ దారి చూపించారు. 1951లో అమెరికాలోని ఇలినాయ్‌లో, నది ఒడ్డున, మీస్ వాన్ డెర్ రో అనే మహా వాస్తుశిల్పి ఈడిత్ ఫార్న్స్‌వర్త్ అనే డాక్టరమ్మకు ఒక ఇల్లు పూర్తిచేసి ఇచ్చాడు. నాలుగువైపులా అద్దమే. ఈనాటికీ లోకం దాన్ని చూడ్డానికి వస్తుంది. నిజంగానే అందంగా ఉంటుంది, గాలిలో తేలుతున్నట్టు. ఆవిడ మాత్రం వంటగదిలో చెత్తబుట్ట పెట్టుకోలేకపోయింది, రోడ్డుమీదికి కనిపిస్తుందని. ఇంటాయమ్మా ఇల్లు కట్టినాయనా చివరికి కోర్టుకెక్కారు. చెత్తబుట్టకు చోటు లేని ఇంట్లో మనిషి కూడా అతిథిలాగానే ఉండాలి. సర్దుకుని, నలగకుండా, దేన్నీ సగంలో వదలకుండా. సగంలో వదలకుండా బతికినవాడు ఎక్కడున్నాడు?

మేం తిరుగు ప్రయాణానికి నెల ఉందనగా మా ఆవిడ వంటింట్లోంచి పిలిచింది. ‘ఏవండీ, కుక్కరు పిడి ఊడొచ్చింది. స్క్రూ విరిగినట్టుందండీ.’ అమ్మాయి ఫోనులో చూసి, పిడి విడిగా దొరకదనీ, కొత్త కుక్కరు రేపటికల్లా వస్తుందనీ చెప్పింది. నేను ఇల్లంతా వెతికాను. చెయ్యి తగిలితే వాటంతటవే తెరుచుకునే తెల్లటి సొరుగులు ఎన్నో ఉన్నాయి. ఒక్క మేకు లేదు, ఒక్క పురికొస ముక్క లేదు. కుక్కరు పట్టుకుని కంచె దగ్గరికి వెళ్లాను.

పెద్దాయన విరిగిన ముక్కను వేళ్ల మధ్య తిప్పి చూశాడు. ఒక సీసా విప్పాడు, లావైంది. ఇంకోటి విప్పాడు, మర కలవలేదు. ఐదో సీసాలో ఒక స్క్రూ సరిగ్గా కూర్చుంది గానీ అరంగుళం పొడుగు. కోసేముందు దానికి ఒక నట్టు ఎక్కించాడు. వైసులో బిగించి ఇనుపరంపంతో కోసి, ఆకురాయితో మొన రుద్ది, అప్పుడా నట్టును వెనక్కి తిప్పి తీశాడు. కోసినచోట చెడిన మరను ఆ నట్టే సరిచేసుకుంటూ బయటికి వస్తుందట. ఇరవై నిమిషాలు పట్టింది. ఇద్దరం పది మాటలు కూడా మాట్లాడుకోలేదు. ఇదెక్కడిదని అడిగితే, వాళ్ల పెద్దబ్బాయిని తిప్పిన పిల్లల బండిదన్నాడు. ఆ అబ్బాయికిప్పుడు యాభై ఎనిమిదేళ్లు.

ఆ రాత్రి మా పప్పు ఉడికింది. మూడో విజిలుకు కంచె అవతల వంటింటి కిటికీ తెరుచుకుని, ఒక చెయ్యి పైకి లేచింది.

ఒక్కటి చెప్పడం మరిచాను. పనయ్యాక విరిగిన స్క్రూను దూరంగా విసరబోయాను. పెద్దాయన అరచెయ్యి చాపాడు. ఏం చేసుకుంటాడో అడగలేదు, చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతే కదా. చివరి సీసా విప్పి, దాన్ని అందులో వేసి, అర కింద మళ్లీ తిప్పి బిగించాడు.