తల్లిదండ్రుల భయం జబ్బా? మహమ్మారి వేసిన ప్రశ్న

మహమ్మారి కాలంలో తల్లిదండ్రుల మనసు ఏమైందో పరిశోధించేవారు సర్వే మొదలుపెట్టక ముందే ఒక తాత్విక ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. బిడ్డకు ఏమవుతుందోనని తల్లి రాత్రంతా మేలుకుని ఉంటే అది రోగలక్షణమా, లేక అలాంటి రోజుల్లో తల్లి అలా ఉండటమే సహజమా? ప్రశ్నపత్రంలో ‘నిద్ర పట్టడం లేదు’ అన్న గడి దగ్గర రెండింటికీ ఒకే టిక్కు పడుతుంది.

ఈ ప్రశ్నను రాయ్‌పూర్ అనుభవం నుంచి చూద్దాం. ఛత్తీస్‌గఢ్‌లో మొదటి కోవిడ్ కేసు 2020 మార్చిలో ఈ నగరంలోనే బయటపడింది. లండన్ నుంచి వచ్చిన ఒక యువతికి అక్కడి ఎయిమ్స్‌లో చికిత్స చేశారు. ఆ నెలలోనే బడులు మూతపడ్డాయి. ఏప్రిల్ 7న రాష్ట్ర ప్రభుత్వం ‘పఢాయీ తుంహర్ దువార్’ పేరుతో ఆన్‌లైన్ చదువు ప్రారంభించింది. చదువు గుమ్మంలోకి వచ్చింది కానీ పంతులు పని అమ్మానాన్నల మీద పడింది. ఇంట్లో ఒక్క ఫోనే ఉంటే అది పిల్లల క్లాసుకా, తండ్రి కూలిపని వెతుక్కోవడానికా అన్నది రోజూ తేలని పంచాయితీ. 2021 ఏప్రిల్ 9 నుంచి రాయ్‌పూర్ మళ్ళీ లాక్‌డౌన్‌లోకి వెళ్ళింది. రైల్వే ఉద్యోగాల కోసం, భిలాయి ఉక్కు కర్మాగారం కోసం తరాల కిందట వచ్చి ఈ ప్రాంతంలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలను భయం రెండువైపులా లాగింది. ఇక్కడ పిల్లలు, విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో ముసలి తల్లిదండ్రులు, మధ్యలో ఆగిపోయిన రైళ్ళు.

ఇంతకంటే ఘోరమైన విషాదం బస్తర్ వైపు జరిగింది. 2020 ఏప్రిల్‌లో తెలంగాణ మిరప తోటల్లో పనికి వెళ్ళిన 12 ఏళ్ల బాలిక బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి అడవిదారిన నడిచి వస్తూ, ఇల్లు చేరకుండానే చనిపోయింది. ఆ తల్లిదండ్రుల మనఃస్థితిని ఏ టెలిఫోన్ సర్వే కొలవగలదు?

ప్రపంచస్థాయి లెక్కలు లేకపోలేదు. 2020లో కుంగుబాటు కేసులు సుమారు 27.6 శాతం, ఆందోళన రుగ్మతలు సుమారు 25.6 శాతం పెరిగాయని 2021లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అంచనా చెప్పింది. మగవారికంటే ఆడవారు, పెద్ద వయసువారికంటే చిన్న వయసువారు ఎక్కువగా దెబ్బతిన్నారని కూడా అందులో ఉంది. పసిపిల్లల తల్లులు ఈ రెండు వర్గాల్లోకీ వస్తారు. అయితే ఈ అంకెలు ఎందరు బాధపడ్డారో చెబుతాయి. ఆ బాధ ఎలాంటిదో చెప్పవు.

ఆ రెండో విషయంలో మత, తత్వ సంప్రదాయాలు ఎప్పటినుంచో వాదించుకుంటున్నాయి. భగవద్గీత పదమూడో అధ్యాయం కొడుకు, భార్య, ఇల్లు అనేవాటి మీద తగులం లేకపోవడాన్ని జ్ఞాన లక్షణాల్లో ఒకటిగా చెబుతుంది. రోమ్ సామ్రాజ్యకాలపు స్టోయిక్ తత్వవేత్త ఎపిక్టెటస్ ఇంకా కఠినంగా, బిడ్డను ముద్దాడేటప్పుడే ఆ బిడ్డ మరణం ఉన్న మనిషేనని గుర్తుచేసుకోమన్నాడు. ఈ దృష్టిలో భయం అజ్ఞానఫలం, మందు వివేకం. కానీ అదే గీతలో మొదటి అధ్యాయానికి అర్జున విషాద యోగం అని పేరు. కుంగిపోవడం కూడా ఒక యోగంగా, బోధ మొదలయ్యే చోటుగా నిలిచింది.

దుఃఖాన్ని గౌరవించే ఈ రెండో పక్షానికి అత్యంత బలమైన సాక్ష్యం రాయ్‌పూర్ పొరుగునే ఉంది. రాజిం దగ్గరి చంపారణ్యం పుష్టిమార్గం అనే భక్తి సంప్రదాయ స్థాపకుడు వల్లభాచార్యుల జన్మస్థలం. ఆయన తల్లి ఇల్లమ్మగారు, తండ్రి లక్ష్మణ భట్టు తెలుగువారు. సంప్రదాయ కథనం ప్రకారం 1479లో వారు కాశీ మీద దాడి జరుగుతుందన్న భయంతో పారిపోయి వస్తూ ఉండగా ఈ అడవిలో నెలలు నిండకుండానే ప్రసవం అయింది. బిడ్డలో చలనం లేదు. చనిపోయాడనుకుని గుడ్డలో చుట్టి జమ్మిచెట్టు కింద ఉంచి వెళ్ళారు. తిరిగి వచ్చి చూస్తే చుట్టూ నిప్పు వలయం, మధ్యలో బతికి ఉన్న బిడ్డ. కథలోని అద్భుతాన్ని నమ్మినా నమ్మకపోయినా, ఆపదలో పరుగెడుతున్న తల్లిదండ్రుల వేదన అందులో స్పష్టంగా ఉంది. ఆ బిడ్డ పెద్దయ్యాక నెలకొల్పిన మార్గంలో దేవుడు చంటిపిల్లవాడు, భక్తులు యశోదా నందులు. ‘నిరోధలక్షణం’ అన్న చిన్న గ్రంథాన్ని వల్లభాచార్యులు ఒక కోరికతో మొదలుపెట్టారు. గోకులంలో యశోదకు, నందుడికి కలిగిన దుఃఖం తనకూ కలగాలని ఆ కోరిక. బిడ్డ కోసం పడే వేదన వదిలించుకోవలసినది కాదు, సంపాదించుకోవలసినది అన్నమాట.

ఈ మాట మహమ్మారి నాటి తల్లిదండ్రులకు గౌరవం ఇస్తుంది. దానిని అడ్డం పెట్టుకుని చికిత్స అక్కర్లేదనడం మాత్రం అన్యాయం. యశోద దుఃఖం బిడ్డ వైపు తిరిగి ఉంటుంది. ఆమె వెతుకుతుంది, పిలుస్తుంది, అన్నం కలిపి కూర్చుంటుంది. కుంగుబాటు ముదిరినప్పుడు జరిగేది దీనికి పూర్తిగా ఎదురు. బిడ్డ పిలిచినా తల్లికి పలకాలనిపించదు, ఎత్తుకోవాలనిపించదు, బతకడమే బరువనిపిస్తుంది. పరిశోధకులు అడగవలసిన ప్రశ్న ‘ఎంత భయపడ్డారు’ అన్నది కాదు, ‘ఆ భయం మిమ్మల్ని బిడ్డకు దగ్గర చేసిందా, దూరం చేసిందా’ అన్నది. మొదటిది ప్రేమ. రెండోదానికి వైద్యం కావాలి, ఆలస్యం లేకుండా కావాలి.

వైద్యశాస్త్రం కూడా ఈ హద్దు ఎక్కడ గీయాలో తేల్చుకోవడానికి చాలా తడబడింది. అయినవారు పోయిన తొలి రెండు నెలల దుఃఖాన్ని సాధారణంగా కుంగుబాటు కింద లెక్కించకూడదన్న మినహాయింపును అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథం 2013 నాటి కూర్పులో తొలగించింది. 2022 కూర్పులో, పెద్దల విషయంలో ఏడాది దాటినా మనిషిని కదలనివ్వని శోకాన్ని విడిగా ఒక రుగ్మతగా చేర్చింది.

కర్మ సిద్ధాంతం సంగతి వేరు. ‘మా కర్మ’ అనుకోవడం చాలామందికి ఊరట ఇచ్చింది, ఎందుకంటే అర్థంలేని నష్టానికి అది ఒక అర్థం చెబుతుంది. కానీ తానే ఇంటికి వైరస్ తెచ్చానని నమ్మిన తండ్రికి అదే మాట శిక్ష అయింది. ఓదార్చడానికి వచ్చినవారు దాన్ని ఎదుటివారి మీద ప్రయోగించకూడదు. తన గురించి తాను అనుకునే హక్కు ఒక్క బాధితుడిదే.

అడిగే తీరులోనూ ధర్మం ఉంది. ఇలాంటి అధ్యయనాల్లో కుంగుబాటును కొలవడానికి ఎక్కువగా వాడే పీహెచ్‌క్యూ-9 పత్రంలో గత రెండు వారాల మీద తొమ్మిది ప్రశ్నలుంటాయి. చివరిది చావాలన్న ఆలోచనల గురించి. ఆ ప్రశ్నకు ‘అవును’ అన్న తల్లిని మొత్తం 27 మార్కులకు ఇన్ని వచ్చాయని రాసుకుని వదిలిపెట్టడం పాపమే. ఎలా అడగాలో చూపే పాత కథ ఒకటుంది. రాయ్‌పూర్‌కు తూర్పున, మహాసముంద్ జిల్లా సిర్పూర్‌లో పాత బౌద్ధ విహారాలు బయటపడ్డాయి. ఆ మతం చెప్పే కిసాగోతమి కథలో బిడ్డను పోగొట్టుకున్న తల్లిని బుద్ధుడు చావు ఎరగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మంటాడు. ఆమె ఇంటింటికీ వెళ్ళి అడుగుతుంది. అదీ ఒక సర్వేయే. అందులో అడిగినామె కూడా దుఃఖంలో ఉన్న మనిషి, జవాబు చెప్పినవారు ఆమెకు తోడయ్యారు.

కోవిడ్‌తో పెద్దదిక్కును కోల్పోయిన పిల్లల కోసం ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2021లో ‘మహతారీ దులార్’ పథకం తెచ్చింది. ఉచిత చదువుతో పాటు ఎనిమిదో తరగతి దాకా నెలకు 500, ఆపైన పన్నెండో తరగతి దాకా 1000 రూపాయల ఉపకార వేతనం అందులో ప్రకటించింది. మిగిలిన తల్లి లేదా తండ్రి మనసుకు సాయం కూడా అలాంటి పథకంలోనే భాగం కావాలి. పరిశోధకులు తాము తేల్చినదాన్ని పత్రికలకు పంపే ముందు, జవాబిచ్చిన తల్లిదండ్రులకు వారి భాషలో చదివి వినిపించాలి. ప్రతి ప్రశ్నపత్రం మొదటి పేజీ మీద మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416 అచ్చువేయాలి. 2022 అక్టోబరు 10 నుంచి పనిచేస్తున్న ఈ ఉచిత సేవ తెలుగు సహా పలు భాషల్లో అందుతోంది.