వేలంలో మిగిలిపోయినవాళ్ళు

ఆ సాయంత్రం సెలెక్షన్స్ అయ్యాక ఒక సారు లిస్టు చదివాడు. అందులో నా పేరుంది. వాడి పేరు లేదు. పదిహేనేళ్ళు దాటిపోయింది. ఐపీఎల్ వేలంలో ఒక పేరు పిలిచి, ఏ టేబుల్ నుంచీ చెయ్యి లేవక, సుత్తి కొట్టి పక్కన పెట్టేసిన ప్రతిసారీ నాకు ఆ లిస్టే గుర్తొస్తుంది.

మాది మదనపల్లె. సాయంత్రాలు బీటీ కాలేజీ గ్రౌండులో ఆడేవాళ్ళం, ఆదివారాలు ఎక్కడ టోర్నమెంటు ఉంటే అక్కడ. పుంగనూరు పోయేవాళ్ళం. పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం దాకా పోయేవాళ్ళం. కుప్పంలో ఎదుటి టీములో తమిళం, కన్నడం, తెలుగు మూడూ వినపడేవి. అప్పీలు మాత్రం అందరిదీ ఒకే భాష. వాడు ఆఫ్ స్పిన్నర్. పొట్టి. ఆ ఒక్క సీజన్లో వాడు తీసిన వికెట్లు నలభై పైనే. స్కోరు పుస్తకం నేనే రాసేవాణ్ణి కాబట్టి నాకు బాగా తెలుసు. నేను పొడుగు, వేగంగా వేసేవాణ్ణి. నా బంతి ఎటు పోతుందో నాకే తెలిసేది కాదు. నా వికెట్లు పదకొండు.

ఆ రోజు నీళ్ళ డ్రమ్ము దగ్గర ఇద్దరు సెలెక్టర్లు మాట్లాడుకుంటుంటే విన్నాను. "ఆ పొట్టోడు బాగానే వేస్తా ఉండాడు. కానీ అదంతా మ్యాట్ మీద. టర్ఫ్ మీద ఆ బంతి లేయదు. ఈ పొడుగోణ్ణి తీసుకుందాం, తయారు చేసుకోవచ్చు." అంతే. కులం మాట రాలేదు, డబ్బు మాట రాలేదు, రికమండేషన్ మాట రాలేదు. తిరుగు బస్సులో వాడడిగాడు: "నా గురించి ఏమన్నా అన్నారా మచ్చా?" నేనన్నాను: "ఏం లేదురా. ఈసారి చానామంది వొచ్చినారు. వచ్చే ఏడు నీదే." వాడు ఇంకో రెండేళ్ళు వెళ్ళాడు. నేను మూడు మ్యాచులు ఆడి, రెండు వికెట్లు తీసి, ఇంజినీరింగులో చేరిపోయాను.

వాడికి అన్యాయం జరిగిందా? జరిగితే ఎవరు చేశారు? చాలా కాలం నా దగ్గర ఒకటే జవాబుండేది: సెలెక్టర్లు. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను.

మన హనుమ విహారిని తీసుకోండి. 2021 జనవరి 11, సిడ్నీ టెస్టు చివరి రోజు. తొడ కండరం పట్టేసి పరుగు తీయలేని స్థితిలో 161 బంతులు ఆడి 23 పరుగులతో నాటౌట్‌గా నిలిచాడు. అటు అశ్విన్, ఇటు ఈ కాకినాడ కుర్రాడు. ఓడిపోవాల్సిన మ్యాచ్ డ్రా అయింది. దేశమంతా చప్పట్లు కొట్టింది. అయిదు వారాలు దాటాక, ఫిబ్రవరి 18న చెన్నైలో ఐపీఎల్ వేలం జరిగింది. విహారిని ఎవరూ కొనలేదు. ఐపీఎల్ జరుగుతున్న రోజుల్లో అతను ఇంగ్లండ్ వెళ్ళి వార్విక్‌షైర్ కౌంటీకి ఆడుకున్నాడు.

ఆ రోజు ఫ్రెండ్సందరం తిట్టుకున్నాం. కృతఘ్నులన్నాం. కానీ ఆలోచిస్తే, 161 బంతులంటే టీ20లో ఒక ఇన్నింగ్స్ మొత్తం కన్నా ఎక్కువ. ఒక ఇన్నింగ్స్‌కి ఉండేదే 120 బంతులు. సిడ్నీలో దేశాన్ని కాపాడిన ఓపిక ఆ వేలంలో కూర్చున్నవాళ్ళకి పనికొచ్చే సరుకు కాదు. వాళ్ళు విహారిని తక్కువ చేయలేదు. వాళ్ళు వేరేది కొనుక్కోవడానికి వచ్చారు.

ఈ తేడా నాకు క్రికెట్ కన్నా ముందు టమోటా నేర్పింది. మా నాన్న టమోటా రైతు. మదనపల్లె మార్కెట్టు దేశంలో పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటి. ఇక్కడి కాయ ఎక్కడెక్కడి రాష్ట్రాలకో లారీలెక్కుతుంది. అక్కడా వేలమే. చెట్టు మీద బాగా పండిన కాయ, కోస్తే రసం కారే కాయ, మా అమ్మ పచ్చడికి ఏరి పక్కన పెట్టుకునే కాయ, మండీలో రెండో రకం. దోరగా, గట్టిగా, చేత్తో నొక్కితే కదలని కాయ మొదటి రకం. ఎందుకంటే కొనేవాడు రుచి కొనడం లేదు, ప్రయాణం కొంటున్నాడు. మూడు రోజులు లారీలో నిలిచేదేదో అదే అతనికి మంచి కాయ. చిన్నప్పుడు నాన్నని అడిగాను, మంచి కాయకి తక్కువ రేటేంది నాయనా అని. "ఎవురికి మంచిదిరా?" అన్నాడు.

సెలెక్షన్ అంటే బహుమతి అనుకోవడంలోనే మన కోపంలో సగం ఉంది. బహుమతి వెనక్కి చూస్తుంది: నువ్వేం చేశావు? సెలెక్షన్ ముందుకి చూస్తుంది: నువ్వు మాకేం చేయగలవు? మొదటి ప్రశ్నకి నలభై వికెట్లు పూర్తి జవాబు. రెండో ప్రశ్నకి అవి ఒక ఆధారం మాత్రమే. ఏ పిచ్ మీద తీశావు, ఎవరి మీద తీశావు, నీ వయసెంత, నీ ఒళ్ళు తట్టుకుంటుందా, నువ్వు చేసే పని చేసేవాడు మా దగ్గర ముందే ఉన్నాడా? వీటిలో ఏదీ దుర్మార్గమైన ప్రశ్న కాదు. పైగా కుర్చీలు తక్కువ. 2024 నవంబర్ 24, 25 తేదీల్లో జెడ్డాలో జరిగిన వేలానికి పేర్లిచ్చినవాళ్ళు 1,574 మంది, అమ్ముడైనవాళ్ళు 182 మంది. పది జట్లు, జట్టుకి ఎక్కువలో ఎక్కువ 25 మంది. ఆ వేలంలోనే పదమూడేళ్ళ వైభవ్ సూర్యవంశీని 1.1 కోట్లకి కొన్నారు. అతని వెనక రికార్డేమీ పెద్దగా లేదు, ముందు మాత్రం చాలా కాలం ఉంది. తర్వాతి ఏప్రిల్‌లో 35 బంతుల్లో సెంచరీ కొట్టాడు. ఆ పందెం గెలిచింది.

అమెరికాలో వాళ్ళ ఫుట్‌బాల్‌కి ఏటా డ్రాఫ్ట్ అని జరుగుతుంది. కాలేజీల్లో దుమ్ము లేపినవాళ్ళు ఏడు రౌండ్లు గడిచినా పేరు వినపడక ఇంటికెళ్ళిపోతుంటారు. కారణాలు మనకి తెలిసినవే: చిన్న కాలేజీ, బలహీనమైన ప్రత్యర్థులు, రెండంగుళాల పొడవు తక్కువ, నలభై గజాల పరుగులో క్షణంలో పదో వంతు ఆలస్యం. కర్ట్ వార్నర్‌ని 1994లో ఎవరూ తీసుకోలేదు. రాత్రిళ్ళు కిరాణా స్టోర్లో అరలు సర్దుకుని బతికాడు. 2000 జనవరిలో అతనే సూపర్ బౌల్ గెలిపించాడు. ఈ కథ చెప్పి, చూశారా, ప్రతిభ దాగదు అంటారు. నాకు అది నచ్చదు. వార్నర్ కథ మనకి తెలుసు కాబట్టి చెప్పుకుంటున్నాం. అరలు సర్దుతూనే ఉండిపోయినవాళ్ళ కథ ఎవరు చెప్తారు?

ఇంతదాకా సెలెక్టర్ల వైపే మాట్లాడాను. ఇక రెండో వైపు.

ఫ్రాంచైజీ తన డబ్బుతో తనక్కావలసింది కొనుక్కుంటుంది, సరే. దేశం జట్టు సంగతేంటి? అక్కడ ఒక నిచ్చెన ఉంది. స్కూలు, జిల్లా, రాష్ట్రం, రంజీ. ఆ నిచ్చెన వేసినవాళ్ళే ఎక్కమన్నారు. రంజీలో పరుగులు చెయ్యి, వికెట్లు తియ్యి, పైకొస్తావు అన్నారు. అది వ్యాపారం కాదు, మాట ఇవ్వడం. సర్ఫరాజ్ ఖాన్ 2019-20 రంజీలో 928 పరుగులు చేశాడు, 2021-22లో 982. టెస్టు టోపీ 2024 ఫిబ్రవరి 15న రాజ్‌కోట్‌లో గానీ దక్కలేదు. ఆ మధ్యలో అతని పరుగుల కన్నా అతని ఒళ్ళు గురించే ఎక్కువ చర్చ జరిగింది. తొలి టెస్టులోనే 62, 68 నాటౌట్. ఆంధ్ర తరఫున రికీ భుయ్ 2023-24 రంజీలో 902 పరుగులతో దేశంలో అందరికన్నా పైన నిలిచాడు. ఆ సంఖ్య టెస్టు జట్టు తలుపు తెరవలేదు.

అంతకన్నా పాత బాధ రాజిందర్ గోయెల్‌ది. రంజీలో 637 వికెట్లు, ఇప్పటికీ ఎవరూ దాటని రికార్డు. ఒక్క టెస్టు ఆడలేదు. అదే కాలంలో బిషన్ బేడీ ఉన్నాడు, ఇద్దరూ ఎడమచేతి స్పిన్నర్లే. 1974లో బెంగళూరు టెస్టుకి బేడీ లేడు, గోయెల్‌ని పిలిచారు, చివరికి పదకొండు మందిలో పెట్టలేదు. బొంబాయి పద్మాకర్ శివల్కర్‌దీ అదే కథ. 2017లో బోర్డు ఇద్దరినీ పిలిచి, మన తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె. నాయుడు పేరిట ఇచ్చే పురస్కారం చేతిలో పెట్టింది. వెనక్కి చూసే బహుమతి, నలభై ఏళ్ళు ఆలస్యంగా. బేడీ ఉన్నప్పుడు పుట్టడం ఎవరి తప్పూ కాదు. అది దురదృష్టం. కానీ బేడీ లేని రోజున కూడా ఆడించకపోవడాన్ని దురదృష్టం అని వదిలేయడానికి నాకు మనసొప్పదు. పోటీలో ఓడిపోవడం వేరు, ఎక్కమన్న నిచ్చెన పై మెట్టు దగ్గర తలుపు మూసి ఉండటం వేరు.

కొలతలో కూడా అన్యాయం దాగి ఉండొచ్చు. పుంగనూరు ఆవు మన కళ్ళ ముందున్న ఉదాహరణ. మూడడుగులు కూడా దాటని ఎత్తు, ఎండు గడ్డి తిని కరువులో బతుకుతుంది. పాలు కొంచెమే, కానీ వెన్న శాతం మామూలు ఆవు పాలకి రెట్టింపు అని చెప్తారు. లీటర్లతో కొలిచే కాలం వచ్చింది. సంకర జాతులు వచ్చాయి. పుంగనూరు ఆవు అంతరించే దాకా వెళ్ళింది, పలమనేరు పశు పరిశోధన కేంద్రం పట్టుబట్టి కాపాడాల్సొచ్చింది. ఆవు మారలేదు, పాలు మారలేదు. కొలిచే గిన్నె మారింది. ఇప్పుడు అదే ఆవు డబ్బున్నవాళ్ళ ఇళ్ళలో ముద్దుగా తిరుగుతోంది, అదీ ఎత్తు తక్కువని! మనం కొలవగలిగిందే విలువ అనుకోవడం సెలెక్టర్లకి ఉండే పెద్ద జబ్బు.

మరి ఏ లెక్కా లేకుండా, చూపుతో ఎంచుకుంటే బాగుంటుందా? అదీ మా ఊరివాడి కథే. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని 1909లో అడయారు బీచిలో లెడ్‌బీటర్ చూశాడు. చదువులో మందమతి అని టీచర్లు అనుకునే పిల్లవాడు. రికార్డు సున్నా. లెడ్‌బీటర్‌కి మాత్రం ఆ అబ్బాయి చుట్టూ ఏదో తేజస్సు కనిపించింది, ఇతడే కాబోయే జగద్గురువన్నాడు. అయితే ఆ స్థానానికి అంతకుముందే ఒక పిల్లవాణ్ణి అనుకున్నారు. హ్యూబర్ట్ వాన్ హుక్ అనే అమెరికన్ బాలుడు. తల్లి వెంటబెట్టుకుని అడయారుకి తెచ్చేసరికి అక్కడ వేరొకరు ఉన్నారు. కృష్ణమూర్తి 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమన్‌లో తన కోసం కట్టిన సంస్థనే రద్దు చేసి బయటికొచ్చాడు. పోలిక మనిషిని చంపుతుందని జీవితమంతా చెప్పాడు. ఆ మాటలో నాకు గౌరవముంది. కానీ ఎంపికైనవాడు ఎంపికని కాదనడం ఒకటి, ఓడ దిగేసరికి స్థానం పోయిన పిల్లవాడికి ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా అనేది ఇంకొకటి. నా ఆలోచన ఎప్పుడూ హ్యూబర్ట్ దగ్గరే ఆగిపోతుంది.

ఎందుకంటే ఇప్పుడు నేను బల్లకి ఇటువైపు ఉన్నాను. బెంగళూరులో ఉద్యోగం, మా టీములోకి ఇంటర్వ్యూలు చేస్తుంటాను. మొన్న కుప్పం నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. మార్కులు అందరికన్నా ఎక్కువ. కానీ మాక్కావలసిన పని వేరు. తీసుకోలేదు. అందులో నాకు తప్పు కనపడలేదు. అతనికి మామూలు మెయిల్ వెళ్ళింది: మీ ఆసక్తికి ధన్యవాదాలు, భవిష్యత్తులో అవకాశం ఉంటే తెలియజేస్తాం. అది చదివితే నా గొంతే వినిపించింది. ఏం లేదురా, వచ్చే ఏడు నీదే.

ఆ శనివారం ఊరికెళ్ళాను. వాడిప్పుడు మండీలో కాయ గ్రేడింగు చూస్తాడు. టీ తాగుతూ, పదిహేనేళ్ళ కిందటి నీళ్ళ డ్రమ్ము మాట చెప్పేశాను. వాడు కాసేపు ఏమీ అనలేదు.

"టర్ఫ్ మీద లేయదన్నారా?"

"అవున్రా."

"అది నాకూ అనుమానమే మచ్చా. అప్పుడే చెప్పుంటే బెంగళూరు పోయి ఒక నెల టర్ఫ్ మీద వేసి చూసుండేవాణ్ణి. లేస్తే లేసేది. లేయకుంటే రెండేండ్లు ముందే మానుకుని ఉందును."

కోపం లేదు. లెక్క చెప్పినట్టు చెప్పాడు. అదే నాకు తగిలింది. వాణ్ణి ఎంచుకోకపోవడం అన్యాయమో కాదో నేనింకా తేల్చలేను. కారణం దాచడం మాత్రం అన్యాయమే, దాన్ని చేసింది నేను. మంచితనం అనుకుని చేశాను.

ఇంతలో ఒక రైతు బాక్సు తెచ్చి దించాడు. ఎర్రగా మెరిసిపోతున్నాయి కాయలు. వాడొకటి తీసి నొక్కి చూసి, పెద్దాయన మొహంలోకి చూసి చెప్పాడు: "కాయ బంగారం మాదిరి ఉంది పెద్దాయనా. కానీ పండు మీరింది, ఢిల్లీ దాకా నిలవదు. రెండో రకంలో పోతాది. ఈసారి రెండు రోజులు ముందు కోయించు."

పెద్దాయన గొణుక్కుంటూనే తలూపాడు.