కోపమునకు గడువు

చంపునది తుపాకి కాదు, మనస్సు. మనస్సు మారనిదే శాసనమేమి చేయగలదని ప్రశ్నించువారు కలరు. దయయే ధర్మమునకు మూలమని బోధించిన బసవేశ్వరుని అనుయాయులకు ఈ వాదము సహజముగా రుచించును. కాని వీరశైవునకు బాహ్యనియమము అల్పమైనది కాదు. భస్మ రుద్రాక్షలు వెలుపల ధరించునవే. లోపలి భక్తిని కాపాడుననియే కదా వానిని అష్టావరణములలో చేర్చిరి!

ఆస్ట్రేలియాలోని టాస్మానియా ద్వీపమున, పోర్ట్ ఆర్థర్ అను చోట, 1996 ఏప్రిల్ 28న ఒక్కడు తుపాకులతో 35 మందిని బలిగొనెను. రెండు వారములలోపే అచటి ప్రభుత్వములు ఏకమై, వరుసగా గుండ్లు కురిపించు తుపాకులను సామాన్యులకు నిషేధింప నిశ్చయించెను. పిదప పరిహారమిచ్చి సుమారు 6,50,000 ఆయుధములను సేకరించి ధ్వంసము చేసెను. కొనగోరువాడు తగిన కారణము చూపవలెను. ఆత్మరక్షణ యనిన చాలదు. అనుమతికై 28 దినములు వేచియుండవలెను.

ఈ నిరీక్షణయే విచారింపదగినది. అన్ని దినములు నిలుచు ఆవేశము అరుదు. అమెరికాలో తుపాకి మరణములలో సగమునకు మించి ఆత్మహత్యలే. నిరాశ ముంచుకొని వచ్చిన గడియలో ఆయుధము చేతికందనిచో ప్రాణము నిలుచుటకు అవకాశము కలదు. తుపాకి ప్రేలిన పిదప అది బహు స్వల్పము.

ఆస్ట్రేలియాలో ఇట్టి మరణములు 1996కు ముందే తగ్గుచుండెను గనుక, తగ్గుదల యంతయు శాసనఫలమే యనరాదు. పిదప ఇంకను తగ్గెననుట నిజము. పగబట్టి ఏండ్లు వేచువానిని మాత్రము ఏ గడువును ఆపజాలదు. అచట గురువులకును మఠములకును పని కలదు.