తువ్వాలు ఎవరి చేతిలో ఉండాలి?

2024 నవంబరులో ఒక శనివారం ఉదయం. క్రిస్మసు నాటిక సాధన చేయడానికి వచ్చిన మా విచారణ యువకులు అది వదిలేసి, గుడి ఆవరణలో వేపచెట్టు కింద గుమిగూడి సెల్‌ఫోనులో బాక్సింగ్ చూస్తున్నారు. అమెరికాలోని టెక్సాస్‌లో 58 ఏళ్ల మైక్ టైసన్, 27 ఏళ్ల జేక్ పాల్‌తో తలపడ్డాడు. ఒక్కొక్కటి రెండు నిమిషాల చొప్పున 8 రౌండ్లు. టైసన్ ఓడిపోయాడు. ఓటమి ఒక ఎత్తు. 1988లో మైకేల్ స్పింక్స్‌ని 91 సెకన్లలో పడగొట్టిన మనిషి కాళ్లు సాగక అలా తిరుగుతుంటే ఆ కుర్రవాళ్ల ముఖాలు చిన్నబోయాయి. "ఎప్పుడు మానుకోవాలో ఆయనకు తెలియదా ఫాదర్?" అని ఒకడు అడిగాడు. నాటికకు టైమవుతోందని చెప్పి తప్పించుకున్నాను. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు.

వయసు లెక్క కట్టి జవాబు చెప్పేద్దామంటే కుదరదు. జార్జ్ ఫోర్‌మన్ పదేళ్లు రింగుకు దూరంగా ఉండి హ్యూస్టన్‌లో వాక్య ప్రసంగాలు చేసుకున్నాడు. తాను నడిపే యువజన కేంద్రానికి డబ్బు కావాలని 1987లో మళ్లీ గ్లౌజులు తొడిగాడు. అందరూ నవ్వారు. 1994 నవంబరు 5న, 45 ఏళ్ల వయసులో, 26 ఏళ్ల మైకేల్ మూరర్‌ని పదో రౌండులో పడగొట్టి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. మన నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఒలింపిక్ అర్హత పోటీలకు ఎవరిని పంపాలో రింగులోనే తేల్చాలని ఆమె పట్టుబట్టింది. 2019 డిసెంబరులో 37 ఏళ్ల మేరీ కోమ్ ఆమెను 9-1 తేడాతో ఓడించింది. నిఖత్ 2022లోను, 2023లోను ప్రపంచ చాంపియన్ అయింది గాని, ఆ రోజు మాత్రం పెద్దావిడదే. అమెచ్యూర్ బాక్సింగులో 40 ఏళ్లు దాటితే పెద్ద పోటీలలో దిగకూడదని నియమం ఉంది. డబ్బు కోసం ఆడే బాక్సింగులో అలాంటి గీత లేదు. చిక్కంతా అక్కడే.

"అవసరం తీరాక మానుకోవాలి" అంటారు కొందరు. జో లూయిస్‌ని చూడండి. 1942లో రెండు పోటీల సంపాదనను సైనికుల సహాయ నిధులకు ఇచ్చేసిన మనిషి. అయినా పన్ను బకాయిలు అతని మెడకు చుట్టుకున్నాయి. 1949లో విరమించినవాడు మరుసటి ఏడే తిరిగి రావలసి వచ్చింది. 1951 అక్టోబరులో, 37 ఏళ్ల వయసులో, రాకీ మార్సియానో కొట్టిన దెబ్బకు తాళ్ల మధ్యనుంచి రింగు అంచున వెల్లకిలా పడ్డాడు. గెలిచిన మార్సియానో ఆ రాత్రి ఏడ్చాడంటారు. అప్పులున్నవాడికి "మానెయ్యి నాయనా" అని చెప్పడం, అప్పు లేనివాడికి ఎంత సులువు!

ఇక మహమ్మద్ అలీ. 1977 సెప్టెంబరులో న్యూయార్కులో ఎర్నీ షేవర్స్‌తో 15 రౌండ్లు తలపడి గెలిచాడు. ఆ గెలుపు చూసే ఇద్దరు భయపడ్డారు. పోటీలు ఏర్పాటు చేసే టెడ్డీ బ్రెన్నర్ "మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో అలీకి ఇక పోటీ ఇవ్వను" అని ప్రకటించాడు. అలీ వైద్యుడు ఫెర్డీ పచేకో, మూత్రపిండాలు దెబ్బతిన్నాయని చెప్పే పరీక్ష ఫలితాలను అలీకి, అతని భార్యకు, మేనేజరుకు పంపాడు. ఏ ఒక్కరూ జవాబివ్వలేదు. పచేకో తప్పుకున్నాడు.

అలీ ఆగలేదు. 1980 పోటీకి ముందు మేయో క్లినిక్‌లో పరీక్ష చేస్తే, వేలితో ముక్కు కొసను తాకమన్నప్పుడు గురి కొద్దిగా తప్పింది. అయినా లైసెన్సు వచ్చింది. అక్టోబరు 2న లాస్ వేగాస్‌లో, ఒకప్పుడు తనకు సాధనలో తోడుగా ఉన్న లారీ హోమ్స్ చేతిలో 10 రౌండ్లు దెబ్బలు తిన్నాడు. ఒక్క రౌండు కూడా గెలవలేదు. కోచ్ ఏంజెలో డండీ పోటీ ఆపించాడు. ఇంకొక్క రౌండు ఇవ్వమని మూలలోనే ఉన్న సహాయకుడొకడు బతిమాలినా ఒప్పుకోలేదు. మరుసటి ఏడు అలీ బహామాస్‌లో మళ్లీ దిగి మళ్లీ ఓడాడు. 1984లో పార్కిన్సన్స్ లక్షణాలు బయటపడ్డాయి. దానికి దెబ్బలు ఎంతవరకు కారణమో వైద్యులు వాదించుకోనివ్వండి.

"అతని శరీరం, అతని ఇష్టం" అని మీరు అనవచ్చు. మనిషి స్వేచ్ఛను నేనూ తేలికగా తీసుకోను. కాని స్వేచ్ఛగా నిర్ణయించడానికి మెదడు కావాలి గదా! బాక్సరు విషయంలో తీర్పు చెప్పవలసిన ఆ మెదడే దెబ్బలు తింటున్నది. తక్కెడే పాడైపోతే తూకం తప్పిందని తక్కెడ ఎలా చెబుతుంది?

ఇంకొక సంగతి. ధైర్యంలో ముఖ్యమైనది ఎదుటివాడిమీద దూకడం కాదు, దెబ్బను ఓర్చుకొని నిలబడటం అని పునీత తోమాసు అక్వినాసు రాశారు. గురువిద్యాలయంలో చదివిన రోజుల్లో నాకు ఆ మాట ఎంతో నచ్చింది. అలీలో ఉన్నది సరిగ్గా అదే. ఐతే, ఏ మేలు కోసం నిలబడ్డామో అదే ఆ ఓర్పుకు విలువ ఇస్తుందని కూడా ఆయనే అన్నారు. వివేకం తప్పుకున్నాక ఓర్పు ఒక్కటే మిగిలితే అది మనిషిని చంపే గుణమవుతుంది. ముప్పై ఏళ్లు "పడిపోకు, లే" అని నేర్పి, ఒక రోజు హఠాత్తుగా "ఇక లేవకు" అంటే అతను ఎలా వింటాడు? కాబట్టి ఎప్పుడు మానాలన్న ప్రశ్న బాక్సరును అడగవలసింది కాదు. రింగు మూలలో నిలబడినవాళ్లను అడగాలి. అతని పిడికిళ్లమీద బతికేవాళ్లను అడగాలి.

వాళ్లు ఎందుకు నోరు విప్పరో నాకు కొంత తెలుసు. మా నాన్నగారు గుంటూరు నుంచి హైదరాబాదుకు మిర్చి లోడు లారీ తోలేవారు. అరవై దగ్గరపడేసరికి రాత్రిపూట చూపు ఆనేది కాదు. ఎదురు లైట్లు పడితే స్టీరింగును గట్టిగా పట్టుకొని మీదికి వంగేవారు. సెలవుల్లో ఆయన పక్కన కూర్చున్నప్పుడు నేను కళ్లారా చూశాను. అమ్మకూ తెలుసు. తమ్ముడి కాలేజీ ఫీజులు ఆ లారీలోంచే వచ్చేవి. పైకి మాత్రం "ఆయనతో చెబితే బాధపడతారు" అనుకునేవాళ్లం. ఒక రాత్రి లారీ కల్వర్టును గుద్దింది. నాన్నగారికి ఏమీ కాలేదు. క్లీనరు కుర్రవాడి కాలు మాత్రం ఇరిగింది. అతను ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు.

పచేకో చేసింది సరియైనదా, డండీ చేసిందా అని చాలాసార్లు ఆలోచించాను. పచేకో పని నాకు నచ్చుతుంది. నిజం చెప్పాడు, కాగితం చూపించాడు, ఆ కూడు వద్దన్నాడు. కాని డండీ కూడా వెళ్లిపోయి ఉంటే ఆ పదో రౌండు తరువాత ఎవరు ఆపేవారు? ఎటూ తేల్చుకోలేకపోతున్నాను.

ఎడ్డీ ఫచ్ విషయంలో మాత్రం నాకు సందేహం లేదు. 1975 అక్టోబరు 1, మనీలా పక్కనే ఉన్న క్వెజోన్ నగరం. అతని శిష్యుడు జో ఫ్రేజియర్ 14 రౌండ్లు అలీతో పోరాడాడు. ఎడమ కన్ను అంతకుముందే సరిగా ఆనదు, కుడి కన్ను వాచి మూసుకుపోయింది. మిగిలింది ఒక్క రౌండు, మూడే నిమిషాలు. అవతల అలీ కూడా ఓపిక ఉడిగిపోయి కూర్చున్నాడు. గెలిచే అవకాశం లేకపోలేదు. రింగులో మనుషులు చనిపోవడం చూసిన ఫచ్ పోటీ ఆపేస్తున్నానన్నాడు. ఫ్రేజియర్ ఒప్పుకోలేదు, లేవబోయాడు. ఫచ్ అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.