తండ్రి పోయిన ఇంటిలో అన్నదమ్ములు

ఈ మాసపు ధ్యానమునకు ఆదికాండము 50వ అధ్యాయము 15 నుండి 21 వరకు గల వచనములు చదువుకొనుడి.

యాకోబును సమాధి చేసి వచ్చిరి. అంతవరకు తండ్రి చాటున బ్రతికిన అన్నలకు ఇప్పుడు భయము పట్టుకొన్నది. తాము అమ్మివేసిన తమ్ముడు పగ తీర్చుకొనునేమో! ఎదుటికి రాలేక, నాన్న ఇట్లు చెప్పెననుచు మొదట కబురు పంపిరి. మన ఇండ్లలోను ఇంతే గదా. ఆసుపత్రి అప్పు ఎవరు తీర్చవలె, అమ్మ ఎవరి దగ్గర ఉండవలె? అన్న భివండిలో, తమ్ముడు కరీంనగర్‌లో. మాటలన్నియు మేనమామ నోటనే నడుచును.

ఆ కబురు విని యోసేపు ఏడ్చెను. ఐగుప్తులో ఫరో తరువాత అంతటివాడు ఏడ్చెను! భయపడవద్దనెను, తాను దేవుని స్థానములో లేననెను. వారిని, వారి పిల్లలను పోషింతుననెను.

ఇక్కడ మేమొక తప్పు ఒప్పుకొనవలెను. అంజూర్ ఫాటాలో మన సహోదరుడొకరు ప్రభువునందు నిద్రించినప్పుడు, భూస్థాపన నాడే పెద్ద కుమారుని భుజము తట్టి, "ఇక నీవే తండ్రివి, ఏడువకూడదు" అంటిమి. వానికి పదునేడేండ్లు. ఆ సోమవారమే సాంచల మీద పన్నెండు గంటల పనికి పోయెను. పదవ తరగతి పుస్తకములు అటకెక్కెను. చిన్నవాడు బడి ఎగగొట్టి నాకా మీద తిరుగుచుండెను. మేము మూడు ఆదివారములు బియ్యము పంపితిమి, అటుపిమ్మట మరచితిమి.

ఏడాది తరువాత వారి చెల్లి స్త్రీల కూడికలో అన్నమాట ఇది: "నాన్న పోయిన రోజే అన్న కూడ పోయిండు. ఇంట్ల ఉన్నది జీతం తెచ్చే మనిషి."

యోసేపు తనకు వద్దన్న స్థానమును మేము ఆ పిల్లవానికి అంటగట్టితిమి. తండ్రిలేనివారికి తండ్రి దేవుడేనని ప్రతి భూస్థాపనలో చెప్పుచునే ఆ పని చేసితిమి.

ఇద్దరు పెద్దలము వారి ఖోలీకి పోయి, ఆ మాట మేము అనియుండకూడదని వానితో చెప్పితిమి. వాడు చాలసేపు మాటలాడలేదు. తరువాత ఏడ్చెను. చెల్లి వచ్చి ప్రక్కన కూర్చుండెను. చిన్నవాడు గుమ్మములోనే నిలిచి చూచుచుండెను.

ఇప్పుడు ఇంటి కిరాయిలో సగము సంఘము భరించుచున్నది. పెద్దవాడు బడికి పోకయే పదవ తరగతి పరీక్ష వ్రాయుటకు 17వ నంబరు ఫారము నింపించితిమి. చిన్నవారిద్దరికి ప్రభుత్వపు బాల సంగోపన్ యోజనకు అర్జీ పెట్టించితిమి. మీ సంఘములో తల్లినో తండ్రినో కోల్పోయిన బిడ్డలుంటే, మరణ ధ్రువపత్రము, బడి కాగితములు తీసికొని ఆరాధన తరువాత పెద్దలను కలిసికొనుడి.