పురుటింట పరమాత్మ

‘నారు పోసినవాడు నీరు పోయకపోడు’ అనుట తెలుగునాట ప్రతి గృహమునందును వినవచ్చు మాట. భగవంతునిపై భారము నుంచుటకు ఇంతకంటె సులభమైన సూత్రము లేదు. అయినను ఈ మాట యొక్కొక్కయెడ శరణాగతికి గాక నిరాశకు తోడగుచున్నది. నెలలు నిండకుండ, అరచేత నిముడునంతటి బిడ్డ పుట్టినపుడు ‘దీని ఆయువింతే’ యని చేతులు ముడుచుకొని కూర్చుండువారు గలరు. ఇది భక్తియా, ఉపేక్షయా?

మహాభారతమున ఆశ్వమేధిక పర్వము దీనికి సమాధానము చెప్పుచున్నది. అశ్వత్థామ అస్త్రమునకు గురియైన ఉత్తర గర్భస్థ శిశువు చేష్టలుడిగి జన్మించెను. శ్రీకృష్ణుడు పురుటింట ప్రవేశించెను. అచట నలువైపుల నీరు నింపిన కుంభములు, తెల్లని పూలమాలలు, నేతితో తడిపిన తుమికి కొరవులు, ఆవాలు, ప్రజ్వలించు అగ్నులు ఉన్నవి. పరిచర్యకు వృద్ధస్త్రీలు, చికిత్సకు నేర్పరులైన వైద్యులు ఉన్నారు. ఆ యేర్పాటులను జూచి హృషీకేశుడు సంతసించి మెచ్చుకొనెను. ఆ పిమ్మటనే తన సత్యధర్మములను సాక్షిగా నిలిపి శిశువునకు ప్రాణము పోసెను. సంకల్పమాత్రమున బ్రతికింపగల స్వామి వైద్యులను త్రోసిపుచ్చలేదు, అగ్నులను ఆర్పుమనలేదు. మానవప్రయత్నము భగవత్కృపకు అడ్డు కాదనుటకు ఇంతకంటె ప్రమాణ మేమి కావలయును?

ఆయువు ముందే నిర్ణయింపబడినదా యను ప్రశ్నను చరకసంహిత విమానస్థానమున అగ్నివేశుడు గురువు నడిగెను. దైవము, పురుషకారము రెండును గూడియే ఆయువు నిలుచునని ఆత్రేయుడు బోధించెను. మంచి బండి యిరుసు సక్రమముగ వాడినచో తనంతట అరుగువరకు నిలుచును. అదియే అధికభారముచేతను, చెడుత్రోవచేతను నడుమనే విరుగును. బాపట్ల జిల్లాలోని వేటపాలెము నేతకు పేరొందిన ఊరు. అచటివారికి ఈ ధర్మము మగ్గముపైననే తెలియును. పడుగులో పోగు తెగినచో నేతగాడు దాని వ్రాత యింతేయని లేచిపోడు; తెగినచోట అతికి మరల నేయును.

నేటి ఆసుపత్రులలోని నవజాతశిశు చికిత్సాకేంద్రము అట్టి పురుటిల్లే. ముప్పదియేడు వారములు నిండకమునుపు పుట్టిన బిడ్డను నెలలు నిండనిబిడ్డ యందురు. 2,500 గ్రాములకు లోబడినచో తక్కువ బరువు బిడ్డ యందురు. అట్టి శిశువునకు చర్మము క్రింద క్రొవ్వు చాలదు గనుక ఒంటివేడి నిలువదు. అందుచేత వార్మరు క్రిందనో, ఇంక్యుబేటరులోనో ఉంచి వేడిమిని కాపాడుదురు. పీల్చుట, మ్రింగుట ఇంకను కుదురుపడవు గనుక తల్లిపాలను సన్నని గొట్టముగుండ కొలది కొలదిగ కడుపులోనికి పంపుదురు. పచ్చకామెర ముదిరినచో నీలికాంతిలో పరుండబెట్టుదురు. లోనికి పోవువారెల్లరు మోచేతులవరకు చేతులు కడుగుకొనవలెను. మన పెద్దలు చెప్పిన శౌచమునకు ఇంతకంటె సార్థకమైన స్థలము అరుదు.

అన్నింటికంటె కష్టమైనది ఊపిరి. ఊపిరితిత్తులలోని సూక్ష్మమైన గాలితిత్తులు ముడుచుకొని పోకుండ కాపాడు జిడ్డుపదార్థ మొకటి గర్భమున చివరి వారములలోనే చాలినంత యేర్పడును. అది కొరవడినచో బిడ్డ ప్రతి శ్వాసకును పోరాడవలసివచ్చును. 1963లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కుమారుడు అయిదున్నర వారములు ముందుగ జన్మించి ఈ వ్యాధిచేతనే రెండు దినములైన నిండకుండ మరణించెను. అంతటి అధికారమును ఆ శ్వాసను నిలుపలేకపోయెను. 1980లో జపానుదేశపు వైద్యుడు ఫుజివారా ఆ పదార్థమును శిశువుల ఊపిరితిత్తులలోనికి పంపి సత్ఫలితము నొందెను. నాడు దేశాధిపతి బిడ్డకు దొరకని సాయము నేడు సామాన్యుని బిడ్డకును అందుచున్నది. ఇది భగవత్కృప కాక మరేమి?

అయితే ఆ సాయము సకాలమున చేరవలెను. వేటపాలెమువంటి చోట బిడ్డ నీరసించినచో చీరాల, బాపట్ల మీదుగ గుంటూరు పెద్దాసుపత్రివరకును పోవలసిరావచ్చును. 2005లో ఆరంభమైన 108 వాహనము ఇందుకే యున్నది. ప్రభుత్వ వైద్యశాలలలో జబ్బుపడిన నవజాతశిశువునకు ఉచితముగ చికిత్స చేయు పథకము 2011లో వచ్చినది. ‘ఏడవనెల బిడ్డ బ్రతుకును, ఎనిమిదవనెల బిడ్డ బ్రతుకదు’ అను మాట నమ్మి ఆలసింపరాదు. ఎనిమిదవనెలలో ఓజస్సు అస్థిరమని ఆయుర్వేదము చెప్పినది నిజమే. అది జాగ్రత్తపడుటకు చెప్పిన హెచ్చరిక యగును గాని, విడిచిపెట్టుటకు అనుమతి కాదు. గర్భమున గడచిన ప్రతివారమును బిడ్డకు బలమే.

యంత్రముల కంటె తల్లి యొడి తక్కువది కాదు. 1978లో కొలంబియాదేశపు బొగొటా నగరమున ఇంక్యుబేటరులు చాలక, వైద్యులు శిశువులను తల్లుల ఱొమ్ములపై చర్మమునకు చర్మము తగులునట్లు కట్టి ఉంచిరి. దీనిని కంగారూ సంరక్షణ యందురు. భారతదేశముతో గూడ అయిదు దేశములలో జరిగి 2021లో వెలువడిన పరిశోధనలో, ఒక కిలోమొదలు 1,800 గ్రాములలోపు శిశువులకు పుట్టినవెంటనే ఈ సంరక్షణ నిచ్చుటచే మరణములు నాలుగవవంతు తగ్గినవి. తల్లి అశక్తురాలైనచో తండ్రియో, అమ్మమ్మయో, నాయనమ్మయో ఈ సేవ చేయవచ్చును.

ఇచట గృహస్థులు తమ్ము తాము పరీక్షించుకొనవలసిన విషయ మొకటి కలదు. మనదేశమున ఈ కేంద్రములకు చేరు శిశువులలో మగబిడ్డలకంటె ఆడబిడ్డలు తక్కువ. ప్రకృతి ఆడశిశువునకు తట్టుకొను శక్తిని కొంత హెచ్చుగనే ఇచ్చినది; కొరత మన మనస్సులోనిదే. కొడుకైనచో అప్పుచేసియైనను పరుగెత్తి, కూతురైనచో దైవేచ్ఛ యనుట వేదాంతము కాదు, వంచన. శ్రీదేవిని స్వామి వక్షఃస్థలమున పూజించువారికి ఇది తగదు.

పురుషకారమునకును ఎల్ల కలదు. చేయదగిన దంతయు చేసిన పిమ్మట, ఇక చికిత్స బాధయే గాని ప్రయోజనము కాదని వైద్యులు నిర్ధారించినచో, బిడ్డను తల్లి యొడిలో శాంతముగ ఉంచుట పాపము కాదు. శరణాగతికి అది తగిన వేళ. ప్రయత్నమునకు ముందు పలికిన దైవేచ్ఛ సోమరితనము. ప్రయత్నము ముగిసిన పిదప పలికినది భక్తి.

నాడు బ్రతికిన శిశువే పరీక్షిత్తు. విష్ణువు ప్రసాదించినవాడు గనుక విష్ణురాతుడని పేరుగాంచెను. నీలికాంతిలో కన్నులకు గంతలతో పరుండిన ప్రతి పసికందును విష్ణురాతుడే, విష్ణురాతయే. ఆ ద్వారమున చేతులు కడుగుకొని లోనికడుగిడు వైద్యుడు, దాది, తల్లి చేయుచున్నది ఆ స్వామి కైంకర్యమే.